అండకణపు గుమ్మము – దానిని వెదకిన చరిత్ర

ఉన్నత పాఠశాలలలో జీవశాస్త్రము చెప్పే ఉపాధ్యాయులందరికీ ఈ వాక్యము కంఠస్థమే: శుక్రకణము అండముతో కలియుటను ఫలదీకరణమందురు. పరీక్షలో ఈ వాక్యము వ్రాసిన విద్యార్థికి మార్కులు తప్పక వస్తాయి. అయితే చురుకైన విద్యార్థి ఒకడు లేచి, "కలియుట అంటే ఎట్లాగండీ? శరీరములో ఇన్ని కోట్ల కణాలున్నవి గదా, శుక్రకణము వాటిలో దేనితోనూ కలియక అండముతోనే ఎందుకు కలుస్తుంది?" అని అడిగినాడనుకొందాము. అండమును శుక్రకణము ఏ గుర్తునుబట్టి పోల్చుకొంటుందో 2014వ సంవత్సరము వరకు ఎంత పెద్ద ఆచార్యుడైనా సూటిగా చెప్పగలిగేవాడు కాదు. సమాధానములో సగము 2005లో దొరికినది. తక్కిన సగము తొమ్మిదేండ్ల తరువాత దొరికినది. అంతకుముందు ఒకసారి దొరికినదనుకొన్నది చేజారిపోయినది కూడ. ఆ కథ పాఠ్యపుస్తకాలలోకి ఇంకా పూర్తిగా రాలేదు కాబట్టి ఇక్కడ కొంత వివరముగా చెప్పవలసియున్నది.

పూర్వులు చేసిన పనిని త్వరగా చెప్పుకొని ముందుకు పోదాము. ఇటలీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు ఫెలోపియో 1561లో ప్రకటించిన గ్రంథములో గర్భాశయమునకు ఇరుప్రక్కల బాకావలె విచ్చుకొనియున్న నాళాలను వర్ణించినాడు. అండవాహికలకు ఫెలోపియను నాళాలనే పేరు ఆయన వలననే వచ్చినది. లీవెన్‌హుక్ 1677లో తన సూక్ష్మదర్శినితో శుక్రకణాలను చూచినాడు. క్షీరదముల అండము మాత్రము మరి నూటయేబది సంవత్సరాలు కంటబడలేదు. 1827లో ఫాన్ బేయర్ దానిని ఆడకుక్క అండాశయములో కనుగొన్నాడు. శుక్రకణము అండములో ప్రవేశించి రెండు కేంద్రకములు ఏకమగుటను 1876లో హెర్ట్‌విగ్ సముద్రములోని సీ అర్చిన్ అనే ప్రాణిలో చూచినాడు. సీ అర్చిన్ తన అండాలను లక్షల కొలది నీటిలోకి విడిచిపెడుతుంది. గాజుపాత్రలో ఎంతసేపైనా చూడవచ్చును. క్షీరదములలో అదంతా ఆడప్రాణి కడుపులో, చీకటిలో జరుగుతుంది. అందుచేతనే ఈ శాస్త్రము అంత నెమ్మదిగా నడిచినది.

1951లో ఒక వింత బయటపడినది. చైనాలో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, అమెరికాలోని వూస్టర్ ఫౌండేషనులో పనిచేస్తున్న మిన్ చుయె చాంగ్ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్లపై ప్రయోగాలు చేస్తున్నాడు. ఆడ కుందేలు సంయోగము జరిగిన సుమారు పది గంటలకు అండాలను విడుదల చేస్తుంది కాబట్టి ఏ గంటకు ఏమి జరుగుతుందో లెక్క కట్టుటకు అది చాల అనువైన జంతువు. చాంగ్ శుక్రకణాలను శస్త్రచికిత్సతో తిన్నగా అండవాహికలోనే ఉంచినాడు. అండాలు విడుదలయిన తరువాత ఉంచితే, అండము, శుక్రకణము ప్రక్కప్రక్కనే ఉన్నా ఫలదీకరణము జరుగుట అరుదు. అండాలు విడుదలగుటకు కొన్ని గంటల ముందుగా ఉంచితే చక్కగా జరిగినది. శుక్రకణాలు ఆడప్రాణి నాళములో సుమారు ఆరు గంటలు గడపవలెననీ, అప్పుడుగాని వానికి అండములో ప్రవేశించే శక్తి రాదనీ ఆయన తేల్చినాడు. ఆలస్యముగా వచ్చినవి సిద్ధమయ్యేలోపల అండమునకు కాలము మించిపోతుంది. ఆ సంవత్సరమే ఆస్ట్రేలియాలో ఆస్టిన్ అనే శాస్త్రజ్ఞుడు, చాంగ్‌తో ఏ సంబంధమూ లేకుండా, ఇదే సంగతిని ప్రకటించినాడు. ఈ మార్పుకు కెపాసిటేషన్ అని 1952లో పేరు పెట్టినవాడు ఆస్టినే. దానిని మనము "సమర్థీకరణము" అనుకోవచ్చును. చాంగ్ 1959లో ఇట్లు సమర్థములైన శుక్రకణాలతో కుందేలు అండాలను గాజుపాత్రలో ఫలదీకరింపజేసి, వాటిని ఆడ కుందేళ్ల గర్భములో ఉంచి పిల్లలను పుట్టించినాడు. 1978 జూలై 25న ఇంగ్లండులో పుట్టిన మొదటి పరీక్షనాళికా శిశువునకు ఈ ప్రయోగాలే పూర్వరంగము.

దీనిని బట్టి ఒక్క విషయము స్పష్టమయినది. అండవాహిక నీళ్లు పారే గొట్టమువంటిది కాదు. దాని లోపలి గోడకూ, శుక్రకణపు ఒంటికీ మధ్య ఏదో వ్యవహారము జరుగుతున్నది. ఆవులలోను, మరికొన్ని క్షీరదములలోను శుక్రకణాలు అండవాహిక మొదటి భాగములో గోడకు తలలు ఆనించి, అండము విడుదలయ్యే వేళ వరకు వేచియుంటాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయములో సూసన్ స్వారెజ్ బృందమువారు ఆవులలో ఈ పట్టును చాల సంవత్సరాలు పరిశోధించినారు. గోడమీద ఉన్న ఫ్యూకోజ్ అనే చక్కెర ఇందుకు కావలెనని 1997లో చూపినారు. ఆ చక్కెరను మోసే మాంసకృత్తులు ఏవి? దీనికి వారు వల విసరినట్లు ఒక ఉపాయము పన్నినారు. ఎద్దు వీర్యములోని ఒక మాంసకృత్తు శుక్రకణమునకు అంటుకొని దానిని గోడకు పట్టి ఉంచుతుందని అప్పటికే తెలుసు. దానిని ఎరగా పెట్టి, అండవాహిక లోపలి కణాల పైపొరను కరగించిన ద్రవమును దానిమీదుగా పోనిచ్చినారు. ఎరకు చిక్కిన వాటిని యంత్రముతో తూచి చూడగా అవి అనెక్సిన్ అనే కుటుంబమునకు చెందిన నాలుగు మాంసకృత్తులని తేలినది. ఈ ఫలితమును 2007లో ప్రకటించినప్పుడు వారు వీటిని "గ్రాహకములు" అనలేదు; "గ్రాహకములు కాదగిన అభ్యర్థులు" అన్నారు. ఆ జాగ్రత్త ఎందుకు అవసరమో ఇక చెప్పబోయే అండకణపు కథ చూస్తే తెలుస్తుంది.

దానికి ముందు కణపు పైపొర గురించి రెండు మాటలు. 1972లో సింగర్, నికల్సన్ అనే ఇద్దరు ఈ పొర రూపమును వర్ణించినారు. రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడిన పలుచని పొర అది; అందులో మాంసకృత్తులు చెరువులో తామరాకులవలె కదలుతూ ఉంటాయి. కొన్ని పొరను ఆరపార గుచ్చుకొని ఉంటాయి. కొన్ని ఒక కొవ్వు తోకతో బయటి వరుసకు మాత్రము తగిలియుంటాయి. ఒక కణము మరొక కణమును పోల్చుకొనేది ఈ మాంసకృత్తులను బట్టియే. వీటిని వేరుచేసి గుర్తించుట కష్టము. నీటిలో కరగవు, కొవ్వునుండి తీస్తే ఆకారము చెడుతుంది, పైగా బహుకొద్దిగా ఉంటాయి. శుక్రకణాలయితే కోట్ల కొలది దొరుకుతాయి. అండాల సంగతి వేరు. ఒక ఆడ చుంచెలుకకు హార్మోనులిచ్చి తీసినా లభించే అండాలు కొద్ది పదులు మాత్రమే. ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదవ వంతు కూడ ఉండదు. అందుచేత మొదట బయటపడినవన్నీ శుక్రకణము మీది మాంసకృత్తులే.

1975లో కోహ్లర్, మిల్‌స్టయిన్ అనువారు ఒకే రకమయిన యాంటీబాడీలను కావలసినన్ని తయారుచేసే పద్ధతి కనిపెట్టినారు. యాంటీబాడీ ఒక్కొక్కటి ఒకే గుర్తును పట్టుకొంటుంది. శుక్రకణాలకు వ్యతిరేకముగా వందల యాంటీబాడీలను తయారుచేసి, వాటిలో ఏది ఫలదీకరణమును ఆపుతున్నదో చూస్తే, అది పట్టుకొన్న మాంసకృత్తే మనకు కావలసినది – ఇదీ ఆనాటి తర్కము. అమెరికాలో ప్రిమకాఫ్, మైల్స్ మొదలయినవారు గినీపందులపై పనిచేసి 1987లో అటువంటి ఒక మాంసకృత్తును పట్టుకొన్నారు. దానికి తరువాత ఫెర్టిలిన్ అని పేరు వచ్చినది. 1992లో దాని నిర్మాణము చూడగా, అందులో ఒక భాగము కణాలను పట్టుకొనే ఇంటెగ్రిన్ అనే మాంసకృత్తులతో జతకూడదగినదిగా కనబడినది. అయితే అండము మీద ఇంటెగ్రిన్ ఉన్నదా? ఉన్నది. చుంచెలుక అండము మీద ఉన్న ఆల్ఫా-6 బీటా-1 అనే ఇంటెగ్రినే శుక్రకణమునకు గ్రాహకమని 1995లో ప్రకటించినారు. దానిని యాంటీబాడీతో కప్పితే శుక్రకణము అంటుకొనుట తగ్గినది. తాళము, చెవి రెండూ దొరికినట్లే అందరూ సంతోషించినారు. బొమ్మలు గీయుటకు కూడ చాల సులువుగా ఉండేది.

ఈలోగా మరొక సాధనము చేతికి వచ్చినది. చుంచెలుకలలో కావలసిన జన్యువును ఒకదానిని తొలగించి, అది లేని ప్రాణి ఎట్లుంటుందో చూచే పద్ధతి 1980ల చివర సాధ్యమయినది. ఈ పద్ధతిని కనుగొన్న కాపెచి, ఎవన్స్, స్మిథీస్ అనే ముగ్గురికి 2007లో నోబెల్ బహుమతి లభించినది. 1998లో ఫెర్టిలిన్‌లో ఒక భాగము లేని చుంచెలుకలను పుట్టించి చూచినారు. మగవి దాదాపు గొడ్డుబోయినవి. కాని కారణము అనుకొన్నది కాదు. వాటి శుక్రకణాలు గర్భాశయమునుండి అండవాహికలోనికే సరిగా పోలేకపోయినవి. పై కవచము తీసిన అండముతో గాజుపాత్రలో కలిపితే, తగ్గినప్పటికీ, కొన్ని ఏకమవుతూనే ఉన్నవి. 2000లో ఇంటెగ్రిన్ వంతు వచ్చినది. ఆల్ఫా-6 లేని పిల్లలు పుట్టగానే చనిపోతాయి కాబట్టి వాటి అండాలను సంపాదించుటకు ప్రత్యేకమయిన ఏర్పాట్లు చేయవలసివచ్చినది. చివరకు ఆ అండాలను శుక్రకణాలతో కలిపి చూడగా, అవి మామూలు అండాలవలెనే నిక్షేపముగా ఫలదీకరణము చెందినవి! ఐదేండ్లపాటు గ్రాహకమని పిలువబడినది లేకపోయినా పని ఏమీ ఆగలేదు.

మరి 1995 నాటి ప్రయోగము అబద్ధమా? కాదు. యాంటీబాడీ నిజముగానే అడ్డుపడినది. కాని యాంటీబాడీ పెద్ద అణువు. అది ఒకదానిని పట్టుకొని ప్రక్కనున్న దానిని కూడ కప్పివేయవచ్చును. గుమ్మము ప్రక్కనున్న అరుగుమీద ఏనుగును నిలబెడితే లోపలికి ఎవరూ పోలేరు. అంతమాత్రముచేత అరుగే గుమ్మమనవచ్చునా? విద్యార్థులకు ప్రయోగమును గురించి బోధించే ఉపాధ్యాయులు ఈ ఒక్క ఉదాహరణను వాడుకొంటే చాలునని నా అభిప్రాయము.

అదే 2000 సంవత్సరములో ఎవరూ వెదకనిది ఒకటి దానంతట అది బయటపడినది. సీడీ-9 అనే మాంసకృత్తు రక్తకణాలమీద ఉంటుందని ఏనాటినుండో తెలుసు. ఫ్రాన్సులోను, జపానులోను వేర్వేరు బృందాలు వేరే ఉద్దేశముతో సీడీ-9 లేని చుంచెలుకలను పుట్టించినవి. ప్రాణులు ఆరోగ్యముగా పెరిగినవి. కాని ఆడవాటికి పిల్లలు పుట్టుట చాల అరుదయిపోయినది. పరీక్షింపగా, శుక్రకణాలు అండపు కవచమును దాటి లోపలికి వచ్చి, అండపు పైపొర దగ్గర గుంపులుగా నిలిచిపోయియున్నవి. అండము మాత్రము వాటిని తనలో కలుపుకొనలేదు. అటువంటి అండములోనికి శుక్రకణమును సూదితో ఎక్కిస్తే పిండము మామూలుగా ఎదిగినది. లోపము గుమ్మము దగ్గరనే ఉన్నదన్నమాట. అయినా సీడీ-9 శుక్రకణపు గుర్తును పట్టుకొనేది కాదు. అండపు ఉపరితలము మీది సన్నని మొలకలు సరిగా ఏర్పడుటకు అది కావలెనని తరువాత తెలిసినది.

జపానులో ఒసాకా విశ్వవిద్యాలయమునకు చెందిన ఒకాబె బృందము వద్ద 1980లనుండి ఒక యాంటీబాడీ ఉండేది. చుంచెలుక శుక్రకణము అండముతో ఏకమగుటను అది ఆపుతుంది. అది పట్టుకొనేది దేనినో వారు ఓర్పుతో వెదకి, 2005లో ఇనొవె, ఇకావా మొదలయినవారి పేర్లతో ప్రకటించినారు. జపానులో వివాహాలకు అధిదేవతగా పూజలందుకొనే ఇజూమో ఆలయపు పేరే దానికి పెట్టినారు. వారు యాంటీబాడీతో ఆగక, ఆ జన్యువును తొలగించి కూడ చూచినారు. ఇజూమో లేని మగ చుంచెలుకల శుక్రకణాలు చక్కగా ఈదినవి, కవచమును దాటినవి, అండము ఒడ్డుకు చేరినవి; ఒక్కటి కూడ లోపలికి పోలేదు. రెండు పరీక్షలకూ నిలిచిన మొదటి శుక్రకణపు మాంసకృత్తు ఇదే.

ఇక అండము వైపు ఇజూమో చేయి పట్టుకొనేది ఎవరు? తొమ్మిదేండ్లపాటు ఈ ప్రశ్న అట్లే నిలిచినది. ఎరవేసి పట్టే పద్ధతి ఇక్కడ పనిచేయలేదు. కారణము చాల సామాన్యము. కణాలపై మాంసకృత్తుల మధ్య పట్టు తరచు బహు బలహీనముగా ఉంటుంది. పట్టుకొన్న క్షణములోనే విడిపోతుంది. ప్రయోగశాలలో ఎరను కడిగే వేళకు చేప జారిపోతుంది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గరనున్న సాంగర్ సంస్థలో గావిన్ రైట్ బృందమువారు ఇటువంటి బలహీనమయిన పట్టులను కనిపెట్టుటలోనే ఆరితేరినవారు. ఎన్రికా బియాంకి అక్కడ ఈ పనికి పూనుకొన్నది. ఇజూమో అణువులను ఒక్కొక్కటిగాక, ఐదింటిని అరటి అత్తమువలె ఒక గుత్తిగా కూర్చి ఎరగా వాడినారు. ఒక చేయి జారినా తక్కిన నాలుగు పట్టుకొనియుంటాయి. ఆ గుత్తి చుంచెలుక అండమునకు అంటుకొన్నది. అయితే అండాలు కొద్ది. వాటిని కరగించి వెదకుట అసాధ్యము. కాబట్టి అండములో పనిచేస్తున్న జన్యువుల నకళ్లను తీసి, వాటిని భాగాలుగా పంచి, ప్రయోగశాలలో పెంచే మానవ కణాలలో ప్రవేశపెట్టినారు. మామూలుగా ఆ కణాలకు ఇజూమోతో పనిలేదు. ఏ భాగము అందుకొన్న కణాలు ఇజూమో గుత్తిని పట్టుకొన్నవో చూచి, ఆ భాగమును మరల విభజించి, మరల చూచి, చివరకు ఒక్క జన్యువు దగ్గరకు వచ్చినారు.

ఆ జన్యువు కొత్తది కాదు. జాబితాలో అదివరకే దానికి పేరున్నది – నాలుగవ ఫోలేటు గ్రాహకము. ఫోలేటును కణములోనికి చేర్చే మాంసకృత్తుల పోలికలు ఉండుటచేత ఆ పేరు పెట్టినారు. ఫోలిక్ ఆమ్లము అనగానే తెలుగువారికి ఒక పేరు గుర్తు రావలెను. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. కాని బియాంకి, రైట్ పరీక్షించి చూడగా ఈ "ఫోలేటు గ్రాహకము" ఫోలేటును పట్టుకొననే లేదు! ఇంటిపేరు ఒకటి, వృత్తి మరొకటి. అందుచేత దానికి పేరు మార్చి, రోమనుల వివాహదేవత జూనో పేరు పెట్టినారు. ఇజూమోకు తగిన జోడీయే అనవలెను.

వారు కూడ అక్కడితో ఆగలేదు. జూనో లేని చుంచెలుకలను పుట్టించినారు. మగవాటికి ఏ లోపమూ లేదు. ఆడవి పూర్తిగా గొడ్డుబోయినవి. వాటి అండాలు చూచుటకు మామూలుగానే ఉన్నవి; శుక్రకణాలు కవచములోపల చేరి నిలిచినవి; ఒక్కటి కూడ ఏకము కాలేదు. పరిశోధన 2014 ఏప్రిలులో నేచర్ పత్రికలో వెలువడినది. అందులో మరొక అందమయిన పరిశీలన ఉన్నది. మొదటి శుక్రకణము ప్రవేశించిన తరువాత అరగంట, నలుబది నిమిషాలలో అండము తన ఉపరితలము మీది జూనోను సన్నని బుడగలుగా బయటికి విదిలించివేస్తుంది. పొరను ఆరపార గుచ్చుకొనక కొవ్వు తోకతో మాత్రమే తగిలియుండే రకము కాబట్టి దానికి ఇది సులువేమో. రెండవ శుక్రకణము వచ్చేసరికి పట్టుకొనుటకు చేయి లేదు. చుట్టూ తేలే బుడగలు దానిని ఏమార్చవచ్చును కూడ. రెండు శుక్రకణాలు ప్రవేశిస్తే పిండము బ్రతకదు కాబట్టి ఈ తొందర.

జూనో దొరకుటతో ఒక పాత చిక్కు కూడ విడిపోయినది. 1976లో హవాయి విశ్వవిద్యాలయములో యానగిమాచి ఒక వింతను ప్రకటించినాడు. హామ్‌స్టరు అనే చిన్న ప్రాణి అండమునకు కవచము తీసివేస్తే, మనిషి శుక్రకణము కూడ దానితో ఏకమవుతుంది. జాతులు ఇంత దూరమయినా ఇది ఎట్లు జరుగుతుందో అంతుపట్టలేదు గాని, పురుషుల శుక్రకణాలకు శక్తి ఉన్నదా లేదా అని పరీక్షించుటకు వైద్యశాలలలో దీనిని చాలకాలము వాడినారు. చుంచెలుక అండము మాత్రము మనిషి శుక్రకణమును ఇట్లు చేర్చుకొనదు. 2015లో బియాంకి, రైట్ హామ్‌స్టరు జూనోను పరీక్షించినారు. అది మనిషి ఇజూమోను, చుంచెలుక ఇజూమోను, పంది ఇజూమోను కూడ పట్టుకొన్నది. చుంచెలుక జూనో మనిషి ఇజూమోను పట్టుకొనలేదు. ముప్పది తొమ్మిది సంవత్సరాలనాటి వింతకు కారణము ఒక్క మాంసకృత్తు ఉదారస్వభావము! 2016లో జపాను, కెనడా దేశాల శాస్త్రజ్ఞులు ఇజూమో, జూనో రెండూ చేతులు కలిపియున్న ఆకారమును ఎక్స్-కిరణాలతో చిత్రించి, అణువు అణువునకు చూపినారు.

ఇదంతా చుంచెలుకల గొడవ అని తీసివేయరాదు. పిల్లలు లేని దంపతులలో కొందరికి ఏ పరీక్షలోనూ దోషము కనబడదు. అండాలు బాగుంటాయి, శుక్రకణాలు బాగుంటాయి, అయినా గాజుపాత్రలో కూడ కలియవు. 1992లో బ్రస్సెల్స్‌లో శుక్రకణమును సూదితో అండములోనికి ఎక్కించి పిల్లలు పుట్టించే చికిత్స వచ్చినది. ఆ సూది ఇజూమో, జూనోల గుమ్మమును ప్రక్కనబెట్టి గోడకు కన్నము వేసి పోతున్నది. కారణము తెలియకుండానే చికిత్స దొరికినది. అది వైద్యములో తరచు జరిగేదే. కాని గొడ్రాలన్న నింద మోస్తున్న స్త్రీకి "నీలో లోపమేమో మాకు తెలియదు" అనుటకూ, "ఫలానా మాంసకృత్తు లోపించినది" అని చెప్పగలుగుటకూ భేదము ఎంతో ఉన్నది. పిల్లలు వద్దనుకొనేవారి విషయములోనూ అంతే: శరీరమంతటా తిరిగే హార్మోను మాత్రకు బదులు, ఈ ఒక్క కరచాలనమును ఆపే మందు దొరకునా అని కొందరు యోచిస్తున్నారు.

కరచాలనము వేరు, ఏకమగుట వేరు. ఇజూమో ఉన్న కణాలను, జూనో ఉన్న కణాలను ప్రయోగశాలలో కలిపితే అవి అంటుకొంటాయి గాని రెండు పొరలూ కలిసి ఒక్కటి కావు. శుక్రకణము మీద ఇజూమోతోపాటు మరికొన్ని మాంసకృత్తులు కూడ తప్పనిసరి అని 2020 ప్రాంతమునుండి వరుసగా తెలియుచున్నది. 2024లో వియన్నాలోని ఆండ్రియా పౌలి బృందమువారు ఇతర దేశాలవారితో కలిసి, మాంసకృత్తులు ఒకదానితో ఒకటి ఎట్లు అమరునో గణనయంత్రముతో ఊహింపజేసి, ఇజూమో మరి రెండింటితో చేరి మూడు పోగుల పురివలె ఉంటుందని చూపినారు. ఆ మూడింటిలో ఒకదానిని, టీమెమ్-81 అనేదానిని, అంతవరకు ఈ పనిలో ఎవరూ లెక్కలోకి తీసుకొనలేదు. గణనయంత్రపు మాటను వారు అంతటితో నమ్మి ఊరుకొనలేదు. ఆ జన్యువును తొలగించి చూచినారు. చుంచెలుకలలోను, జీబ్రా చేపలలోను కూడ మగవాటికి సంతానము కలుగలేదు.